ఏ బొమ్మ దగ్గర ఆగిపోయారో అక్కడి నుంచి మొదలుపెట్టండి

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీరు బీటెక్ రెండో ఏడాది. ఫ్రెండ్స్ చెప్పారని యానిమే, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్‌లు, చూడటం మొదలుపెట్టారు. నరుటో పూర్తిచేశారు, ఇంకో నాలుగైదు సిరీస్‌లు చూశారు. చూస్తున్నంతసేపు బాగుంటోంది కానీ అయిపోయాక ఏమీ మిగలట్లేదు. ఫ్రెండ్స్ మాత్రం "ఇది నా జీవితాన్నే మార్చేసింది" అంటుంటే, మీలోనే ఏదో లోపం ఉందేమో అనిపిస్తోంది. మరోపక్క నరుటో మొదట్లో వచ్చే ఉయ్యాల సీన్ చూసి, ఎందుకో తెలియకుండానే ఏడ్చేశారు. మీకు అమ్మానాన్నా ఉన్నారు, ప్రేమగా చూసుకుంటారు. ఆ అనాథ పిల్లాడితో మీకు పోలికే లేదు. మరి ఆ ఏడుపు ఎక్కడి నుంచి వచ్చింది? జపాన్ వాళ్ల కథలతో మనకు నిజంగా సంబంధం ఏర్పడుతుందా? ఇంట్లో వాళ్లు "ఈ వయసులో బొమ్మలేంటి" అంటే ఏం చెప్పాలి? ఇవీ మీ ప్రశ్నలు.

నేను చాలా ఏళ్లుగా యానిమేషన్ విద్యార్థులకు స్టోరీబోర్డు నేర్పిస్తున్నాను. అంటే ఒక కథను ఫ్రేములుగా ఎలా విడగొట్టాలి, ఏ ఫ్రేములో ఎవరిని ఎక్కడ నిలబెట్టాలి, ఎంతసేపు నిలపాలి అన్నది నా రోజువారీ పని. దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ మీ ప్రశ్న అడిగేవాళ్లు ఉంటారు. మీలో లోపమేమీ లేదని ముందే చెప్తున్నాను. ఏడుపు వచ్చిన ఆ ఒక్క సీనే మీకు దారి చూపిస్తుంది.

చాలామంది ఒక కథతో సంబంధం అనగానే "ఈ పాత్ర అచ్చం నాలాగే ఉంది" అన్న పోలిక కోసం వెతుకుతారు. నరుటోకి తల్లిదండ్రులు లేరు, నాకు ఉన్నారు, కాబట్టి నాకు సంబంధం లేదు అనుకుంటారు. లేదంటే థీమ్స్‌ని లిస్టుగా రాసుకుంటారు: స్నేహం, త్యాగం, పట్టుదల, ఓటమిని తట్టుకోవడం. ఇలాంటి పెద్ద మాటలు విని ఎవరి గుండే కదలదు. నేను విద్యార్థులను అడిగేది ఒక్కటే: ఎక్కడ ఆగిపోయారు? ఏ సీన్ అని చెప్తే సరిపోదు, ఆ సీన్‌లో ఏ ఫ్రేమ్?

ఆ ఉయ్యాల సీనే తీసుకుందాం. నింజాలను తయారుచేసే అకాడమీలో పరీక్ష ఫలితాలు వచ్చాయి. నరుటో తప్పాడు. చెట్టుకు కట్టిన ఉయ్యాల మీద ఒక్కడే కూర్చున్నాడు. ఎదురుగా పాసైన పిల్లలు, వాళ్ల చుట్టూ తల్లిదండ్రులు, మెచ్చుకోళ్లు. ఇద్దరు ఆడవాళ్లు అతనివైపు చూసి గుసగుసలాడుకుంటారు. అంతే. కొట్లాట లేదు, పెద్ద డైలాగు లేదు. ఈ సీన్‌లో అనాథ అన్న సంగతి కంటే ముందు మన కంటికి తగిలేది దూరం. ఇక్కడ ఒకడు, అక్కడ సంతోషం, మధ్యలో ఖాళీ స్థలం. మసాషి కిషిమొటో 1999లో మాంగాగా, అంటే జపాన్ బొమ్మల కథగా, మొదలుపెట్టి 2014లో 700వ అధ్యాయంతో ముగించిన ఆ పెద్ద కథలో ఎన్ని యుద్ధాలున్నా, ఆ ఖాళీ స్థలాన్ని పూడ్చుకోవాలన్న తపనే మొదటి నుంచి చివరిదాకా దాన్ని నడిపిస్తుంది.

ఇప్పుడు మిమ్మల్ని మీరు అడగండి, నేను ఎప్పుడైనా అలాంటి దూరంలో నిలబడ్డానా అని. మీ సంగతి నాకు తెలియదు, ఊహించి చెప్పడం సరికాదు. కానీ మన పిల్లలు చాలామంది ఇంటర్ ఫలితాల రోజున, ర్యాంకర్ల ఫొటోలతో కాలేజీ ముందు ఫ్లెక్సీ కట్టిన రోజున, కౌన్సెలింగ్‌లో పక్కవాడికి కోరుకున్న సీటు వచ్చిన రోజున, సరిగ్గా ఆ ఉయ్యాల మీదే కూర్చున్నారు. ఇంట్లో ఎంత ప్రేమ ఉన్నా ఆ రోజు ఆ దూరం దూరమే. మన జీవితంలో జరిగిన సంఘటనకు, పాత్ర జీవితంలో జరిగినదానికి పోలిక అక్కర్లేదు. నిలబడిన చోటు ఒకటైతే చాలు, మనసు గుర్తుపడుతుంది. బుద్ధి ఇంకా "నాకు అమ్మానాన్నా ఉన్నారు కదా" అని లెక్కలు వేస్తుండగానే కన్నీళ్లు వచ్చేస్తాయి.

ఇక జపాన్ సంగతి. పరాయి దేశం కథ కాబట్టి పైపైన మాత్రమే అర్థమవుతుందని చాలామంది అనుకుంటారు. నా అనుభవం వేరు. రచయిత తన ఊరిని, తన వాళ్లను ఎంత దగ్గరగా, ఎంత కచ్చితంగా గీస్తే, దూరంగా ఉన్న మనకు అది అంత లోతుగా తగులుతుంది. ఎవరికైనా సరిపోయేలా గాలిలో గీసిన కథే ఎవరికీ అంటదు. దీనికి నాకు బాగా తెలిసిన ఉదాహరణ హిరోము అరకావా. ఆమె గురించి కాస్త వివరంగానే చెప్తాను.

అరకావా పేరు చాలామందికి ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్‌తో తెలుసు. 2001 నుంచి 2010 వరకు నెలనెలా వచ్చిన మాంగా అది, 27 వాల్యూములు. ఆమె పుట్టింది 1973లో, జపాన్ ఉత్తరాన హొక్కైడో దీవిలో, తొకాచి ప్రాంతంలోని ఒక పాడి రైతు కుటుంబంలో. వ్యవసాయ హైస్కూల్లో చదివారు. తర్వాత ఏడేళ్లపాటు ఇంటి దగ్గరే పొలం పనులు, పశువుల పనులు చేశారు. ఆ తర్వాతే బొమ్మలు గీయడానికి టోక్యో వెళ్లారు. ఇప్పటికీ తనను తాను కళ్లద్దాలు పెట్టుకున్న ఆవులా గీసుకుంటారు.

ఈ సంగతి తెలిశాక ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్‌లో దీవి అధ్యాయం మళ్లీ చూడండి. ఎడ్వర్డ్, ఆల్ఫోన్స్ అన్నదమ్ములు. గురువు ఇజుమి వాళ్లను ఒక నెలపాటు నిర్జన దీవిలో వదిలేస్తుంది. ఒక్కటే సమస్తం, సమస్తమే ఒక్కటి అన్న మాటకు అర్థం తెలుసుకుని రమ్మంటుంది. ఆకలితో ఉన్న ఎడ్వర్డ్ చేతికి కుందేలు చిక్కుతుంది, చంపడానికి చెయ్యి రాదు. అంతలో నక్క వచ్చి దాన్ని ఎత్తుకుపోతుంది. చివరికి చీమలను కూడా తినాల్సి వచ్చిన రోజుల్లో వాళ్లకు తట్టేది ఏమిటంటే: మేము చచ్చిపోతే మమ్మల్ని చీమలు తింటాయి, మట్టిలో కలుస్తాం, గడ్డి మొలుస్తుంది, ఆ గడ్డిని ఇంకేదో మేస్తుంది. దీన్ని తత్త్వం అనుకుని దాటేసేవాళ్లు చాలామంది. పశువుల మధ్య పెరిగి, పుట్టుకనూ చావునూ రోజూ చూసిన మనిషి రాసిన పేజీలు అవి. ఎక్కడో పుస్తకంలో చదివి రాసిన తత్త్వంలా అనిపించకపోవడానికి అదే కారణం.

అదే అరకావా 2011లో షుకాన్ షోనెన్ సండే పత్రికలో మొదలుపెట్టిన మాంగా సిల్వర్ స్పూన్. మీకు ముందుగా సిఫారసు చేసేది ఇదే. మాయలు లేవు, కత్తులు లేవు. కథానాయకుడు హచికెన్ సప్పొరో నగరంలో మంచి మార్కుల కోసమే నడిచే స్కూల్లో చదివి, ఆ పోటీలో నలిగిపోయిన పిల్లాడు. అన్న టోక్యో యూనివర్సిటీలో సీటు కొట్టి, చదువు మానేసి వచ్చేశాడు. తండ్రి చూపు కింద ఆ ఇంట్లో ఊపిరి ఆడదు. అందుకని హాస్టల్ ఉంది, ఇంటికి దూరంగా ఉంది అన్న రెండే కారణాలతో పల్లెలోని ఒక వ్యవసాయ హైస్కూల్లో చేరతాడు. ఆ స్కూలుకు నమూనా అరకావా చదివిన ఒబిహిరో వ్యవసాయ హైస్కూలే.

అక్కడ మిగతా పిల్లలందరికీ తామేం కావాలో తెలుసు. ఒకమ్మాయి ఇంటి డెయిరీని తీసుకుని ఇంకా పెద్దది చెయ్యాలనుకుంటుంది. ఒకడికి బేస్‌బాల్ ప్రొఫెషనల్ కావాలని ఉంది. హచికెన్ ఒక్కడికే ఏ కలా లేదు. నన్ను అడిగితే ఈ కథ మన విద్యార్థులకు తగిలే చోటు ఇదే. మనవాళ్లు ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్‌లో కూర్చుంటారు. ఎవరో పెట్టిన గమ్యం వైపు పరుగెత్తి పరుగెత్తి, చేరినా చేరకపోయినా, ఒక రోజు "అసలు నాకేం కావాలి" అని తమను తాము అడిగితే లోపల నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని సిగ్గుపడాల్సిన విషయంగా చూడని కథలు చాలా తక్కువ. ఈ కథలో ప్రిన్సిపాల్ కల లేకపోవడాన్ని తప్పుగా చూడడు. బతకడం కోసం ఒక చోటు నుంచి పారిపోవడం కూడా తప్పు కాదంటాడు. కొట్టంలో కట్టేసిన పశువుకు పారిపోయే వీలు లేదు, మనిషికి ఉంది. ఈ మాట చదివిన ఒక విద్యార్థి పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చోవడం నేను చూశాను. ఏమైందని అడగలేదు.

ఇక పందిపిల్ల సంగతి. పుట్టినవాటిలో అన్నిటికన్నా బక్కదాన్ని హచికెన్ చేరదీస్తాడు. మాంసానికి పెంచే జంతువుకు పేరు పెట్టకు, తర్వాత కష్టపడతావు అని తోటివాళ్లు ముందే చెప్తారు. అయినా పెడతాడు. పెట్టిన పేరు కూడా బుతాదోన్, అంటే పంది మాంసం వేసిన అన్నం గిన్నె. దాన్ని ఏం చేస్తారో తెలిసి, మర్చిపోకుండా ఉండటానికే ఆ పేరు. సెలవుల్లో మికాగే అనే స్నేహితురాలి ఇంటి డెయిరీలో పనికి వెళ్తాడు. ఒక రోజు పైపు సరిగ్గా తగిలించక బోలెడన్ని పాలు నేలపాలు చేస్తాడు. జీతం తీసుకోవడానికి మొహం చెల్లదు. ఆ ఇంటివాళ్లు బలవంతంగా డబ్బు చేతిలో పెడతారు. ఆ డబ్బుతోనే, కబేళాకు వెళ్లిన బుతాదోన్ మాంసం మొత్తం కొంటాడు. బేకన్ చేసి అందరికీ పంచి, తానూ తింటాడు.

ఇక్కడ అరకావా మనకు సులువైన దారి ఏదీ ఇవ్వరు. హచికెన్ పందిని కాపాడేసి పారిపోడు. మాంసం మానేసి సాధువూ అయిపోడు. ఏడుస్తాడు, తింటాడు, బాగుందంటాడు. మూడూ నిజమే. మా క్లాసులో శాకాహారులు, మాంసాహారులు కలిసి ఈ అధ్యాయం మీద వాదించుకున్నప్పుడు ఎవరూ గెలవలేదు, అందరూ కాస్త నెమ్మదించారు. ఊళ్లో కోళ్లనూ మేకలనూ పెంచిన ఇళ్ల పిల్లలైతే అసలు వాదనలోకే దిగలేదు. పండక్కి కోసిన మేకపోతుకు చిన్నప్పుడు తాము పెట్టుకున్న పేర్లు చెప్పుకున్నారు.

అయితే నేను చూసినంతలో మన రాష్ట్రాల పిల్లలకు గట్టిగా తగిలేది ఇది కూడా కాదు, కొమాబా కథ. బేస్‌బాల్ ఆడే ఆ అబ్బాయికి తండ్రి లేడు. తల్లి డెయిరీ నడుపుతుంది, ఇద్దరు చిన్న చెల్లెళ్లు. తాను ప్రొఫెషనల్ ఆటగాడై డెయిరీ మీదున్న అప్పు తీర్చాలన్నది అతని లెక్క. జట్టు ఓడిపోతుంది. డెయిరీ మూతపడుతుంది. కొమాబా చదువు మానేసి పనికి వెళ్లిపోతాడు. అంతటితో ఆగదు. మికాగే కుటుంబం ఆ అప్పుకు జామీను ఉంది. ఆ సంతకం పెట్టినందుకు తాము ప్రాణంగా చూసుకునే గుర్రాలను అమ్ముకోవాల్సి వస్తుంది. గుర్రాలతో పనిచెయ్యాలన్నదే మికాగే కోరిక. ఒక్కతే కూతురు కాబట్టి డెయిరీ తానే చూసుకోవాలన్న ఒత్తిడిలో ఆ కోరికను ఇంట్లో చెప్పలేక అప్పటికే నలుగుతూ ఉంటుంది.

షూరిటీ సంతకం అంటే ఏమిటో మన ఊళ్లలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. స్నేహితుడి కోసం పెట్టిన సంతకం మన గడపలోకి ఎలా వస్తుందో చూసిన ఇళ్లు ఎన్నో. గోదావరి జిల్లా నుంచి వచ్చిన ఒక విద్యార్థిని ఈ అధ్యాయం చదివి, తాతగారు ఎవరికో షూరిటీ ఉండి రెండెకరాలు ఎలా పోగొట్టుకున్నారో మొదటిసారి మా ముందు చెప్పింది. ఆ సంగతి వాళ్లింట్లో ఎవరూ ఎత్తరట. ఎత్తితే తాతగారి మంచితనాన్ని తప్పుపట్టినట్టు అవుతుందని. హొక్కైడో మంచులో జరిగిన కథ ఆ అమ్మాయికి తన ఇంట్లో నోరు విప్పలేని విషయాన్ని అనడానికి మాటలిచ్చింది. అరకావా తన తొకాచిని అంత కచ్చితంగా గీయబట్టే అది సాధ్యమైంది. ఎవరికి ఎంత అప్పు, ఎవరు సంతకం పెట్టారు, ఏ పశువు ఎటు పోయింది అన్నవి వదిలేసి "రైతు కష్టాలు" అని పైపైన గీసి ఉంటే ఆ అమ్మాయి పేజీ తిప్పేసేది.

ఇప్పుడు ఇంకో కోణం చెప్పాలి. సంబంధం ఎప్పుడూ మనకు అనుకూలంగా ఉండాలని లేదు. దెబ్బతిన్నవాడిలో మనల్ని మనం చూసుకోవడం తేలిక, దెబ్బ కొట్టినవాడిలో చూసుకోవడం కష్టం. మంచి మాంగా ఈ రెండో పని చేయిస్తుంది. యోషితోకి ఓయిమా గీసిన ఎ సైలెంట్ వాయిస్ ఇందుకు నాకు తెలిసినవాటిలో గొప్ప ఉదాహరణ. 2013, 2014 సంవత్సరాల్లో వారపత్రికలో వచ్చింది, ఏడే వాల్యూములు. 2016లో నావోకో యమాదా దర్శకత్వంలో సినిమాగా వచ్చింది. ఓయిమా తల్లి సైగల భాష ఇంటర్‌ప్రెటర్. కథ జరిగే ఊరికి నమూనా ఓయిమా సొంత ఊరు ఒగాకి. మళ్లీ అదే, రచయితకు అతి దగ్గరి చోటు.

ఆరో తరగతిలోకి శోకో అనే వినికిడి లేని అమ్మాయి వస్తుంది. శోయా అనే అబ్బాయి ఆమెను ఏడిపిస్తాడు, వినికిడి యంత్రాలు లాగి పారేస్తాడు. ఐదు నెలల్లో ఎనిమిది యంత్రాలు, ఖరీదు 17 లక్షల యెన్లు. విషయం పెద్దదయ్యాక టీచరు శోయా పేరు మాత్రమే ఎత్తుతాడు. అప్పటిదాకా నవ్విన క్లాసంతా మేమేమీ చెయ్యలేదంటుంది. మర్నాటి నుంచి శోయానే వెలివేస్తారు. ఈ సినిమా చూపించాక నేను అడిగే ప్రశ్న "మీరు శోకోనా, శోయానా" అని కాదు. ఆ క్లాసులో మీ బెంచీ ఎక్కడ అని అడుగుతాను. మొదట అందరూ శోకో పక్కన కూర్చుంటారు. కాసేపయ్యాక ఎవరో ఒకరు మెల్లగా, నేను నవ్వినవాళ్లలో ఉన్నాను అంటారు. నత్తి ఉన్న క్లాస్‌మేట్‌ను అనుకరించడం, నల్లగా ఉందని ఒకమ్మాయికి పేరు పెట్టడం, యాసను ఎగతాళి చెయ్యడం లాంటివి అన్నీ బయటికి వస్తాయి.

యమాదా తెరమీద దీన్ని ఎలా చూపించారో దగ్గరగా గమనించండి. హైస్కూలుకు వచ్చేసరికి శోయా ఎవరి మొహంలోకీ చూడలేడు. అందుకే చాలా షాట్లలో మనకు కాళ్లు కనిపిస్తాయి, బూట్లు కనిపిస్తాయి, నేల కనిపిస్తుంది. తలదించుకుని నడిచేవాడికి లోకం అలాగే కదా ఉంటుంది. తలెత్తినా, చుట్టూ ఉన్నవాళ్ల మొహాల మీద పెద్ద ఇంటూ గుర్తులు అతికించి ఉంటాయి. నాగాత్సుకా అనే అబ్బాయితో స్నేహం కుదిరినప్పుడు అతని మొహం మీది గుర్తు ఊడి కింద పడుతుంది. అపరాధభావం గురించి ఒక్క లెక్చరు కూడా లేదు. ఆ భావం ఉన్నవాడి కళ్లు ఎటు చూస్తాయో అటే కెమెరా చూస్తుంది. మీరు అడిగిన "థీమ్" ఉండేది ఇలాంటి చోట్లే. డైలాగుల్లో వెతికితే దొరకదు.

ఒక విషయం జాగ్రత్తగా చెప్తాను. ఆ కథ శోయా చనిపోవాలని నిర్ణయించుకోవడంతో మొదలవుతుంది, మధ్యలో శోకో కూడా ఆ ప్రయత్నం చేస్తుంది. మీకు గానీ, మీరు ఈ సినిమా చూపించబోయే ఫ్రెండ్‌కు గానీ ఇప్పుడు అలాంటి ఆలోచనలు ఉంటే, ఒంటరిగా రాత్రిపూట దీన్ని పెట్టుకుని కూర్చోవద్దు. ముందు నమ్మకమైన మనిషితో మాట్లాడండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. కథలు తోడుంటాయి కానీ మనిషి చెయ్యాల్సిన పని మనిషే చెయ్యాలి.

"అయిపోయాక ఏమీ మిగలట్లేదు" అన్నారు. దీనికి కారణం చాలావరకు మనం చూసే పద్ధతే. వారపత్రికలో మాంగా అధ్యాయం దాదాపు 20 పేజీలు ఉంటుంది. జపాన్ పాఠకుడు ఆ 20 పేజీలు చదివి మళ్లీ వారందాకా ఆగాడు. ఆ వారంలో ఆ పేజీలు అతని బస్సులో, క్లాసులో, నిద్రలో అతనితో ఉన్నాయి. మనం అదే కథను ఒక వీకెండ్‌లో ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్, ఓపెనింగ్ పాట స్కిప్ చేస్తూ మింగేస్తాం. దానికి తోడు రీల్స్. ఏడిపించే సీన్లన్నీ ముందే ముక్కలుగా, మ్యూజిక్ కలిపి చూసేసి ఉంటాం. సిరీస్‌లో ఆ సీన్ వచ్చేసరికి అది పాతబడిపోయి ఉంటుంది. కాబట్టి మీరు కొత్తగా మొదలుపెట్టబోయే దాని రీల్స్ కొంతకాలం చూడకండి. రోజుకు ఒక ఎపిసోడ్ చాలు. మధ్యలో ఎక్కడైనా గుచ్చుకుంటే అక్కడే పాజ్ కొట్టండి, ఆ ఎపిసోడ్ ఆ రోజుకు అయిపోయినట్టే.

ఇంకో పని నేను అందరిచేతా చేయిస్తాను, బొమ్మలు రానివాళ్లచేత కూడా. మిమ్మల్ని ఆపిన ఆ ఫ్రేమ్‌ను పెన్సిల్‌తో నోట్‌బుక్‌లో కాపీ చెయ్యండి. అందంగా రావాల్సిన అవసరం లేదు. గీస్తున్నప్పుడు మాత్రమే కనిపించే విషయాలు ఉంటాయి: మనిషి ఇంత చిన్నగా ఉన్నాడేమిటి, వెనకాల ఇంత తెల్లగా ఎందుకు వదిలేశారు, ఎదుటివాళ్లు ఇతనికి వీపు చూపిస్తూ ఎందుకు నిలబడ్డారు. కన్ను సెకనులో దాటేసిన బొమ్మ మీద చెయ్యి అరగంట ఆగుతుంది. గీశాక కింద రెండు మూడు వాక్యాలు తెలుగులో రాయండి. రివ్యూ భాషలో వద్దు, అమ్మకు ఫోన్‌లో చెప్తే ఎలా చెప్తారో అలా. చాలామంది ఆ రాతలోనే "ఓహో, ఇందుకా" అని తెలుసుకుంటారు.

కొన్నిటితో ఎంత ప్రయత్నించినా సంబంధం కుదరదు. కుదరకపోతే పోనివ్వండి. ఊరంతా పొగిడిన సిరీస్ మీకు అంటకపోతే అది మీ వయసుకో, ఈ ఏటికో సరిపడలేదంతే. ఉద్యోగం పోయినప్పుడో, ఇంట్లో ఎవరైనా దూరమైనప్పుడో అదే కథ తలుపు తీయొచ్చు, తీయకపోనూవచ్చు. "జీవితం మారిపోయింది" అనే ఫ్రెండ్స్‌తో పోటీ పెట్టుకోవద్దు. ఏ సీన్ మార్చింది, ఎలా మార్చింది అని మాత్రం అడగండి. చెప్పగలిగితే మంచి కబుర్లు నడుస్తాయి.

భాష గురించి కూడా అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. తెలుగు డబ్బింగ్‌లో యానిమే ఇప్పుడు ఓటీటీల్లోనూ వస్తోంది, థియేటర్లలోనూ వస్తోంది. 2025లో డీమన్ స్లేయర్ సినిమాను మన హాళ్లలో తెలుగులో వేశారు. తెలుగులో చూస్తే ఏదో తక్కువైనట్టు అనుకోకండి. సబ్‌టైటిల్స్ వెంట పరుగెత్తకుండా బొమ్మను చూసే తీరిక దొరుకుతుంది. ఒక్క ఎ సైలెంట్ వాయిస్ మాత్రం జపనీస్‌లోనే చూడమంటాను, శోకో మాట్లాడటానికి పడే కష్టం ఆ గొంతులో వినాలి. సిల్వర్ స్పూన్ మాంగా ఇంగ్లిష్‌లో 15 వాల్యూములుగా వచ్చింది. యానిమే 2013, 2014లో రెండు చిన్న సీజన్లు. యానిమే కథ మధ్యలోనే ఆగుతుంది, కాబట్టి మిగతాది మాంగాలో చదువుకోవాలి.

చివరికి ఇంట్లో వాళ్ల మాట. "బొమ్మలు" అన్న మాటను పట్టుకుని వాదించకండి. ఇది ఆర్ట్, ఇందులో లోతుంది అని లెక్చరిస్తే ఎవరూ వినరు. మీ నాన్నగారికో మామయ్యకో పొలం, పాడి, అప్పు, బ్యాంకు నోటీసు అంటే ఏమిటో తెలిసి ఉంటే, సిల్వర్ స్పూన్ రెండో సీజన్ చివరి భాగంలో కొమాబా వాళ్ల డెయిరీ మూతపడే ఎపిసోడ్ ఒక్కటి వాళ్లతో కలిసి చూడండి. సబ్‌టైటిల్స్ చదవడం ఇబ్బందైతే పక్కన కూర్చుని మీరే తెలుగులో చెప్పండి. ఎవరు ఎంత అప్పు చేశారు, జామీను ఎవరున్నారు, ఆవులను ఏ ధరకు ఇచ్చారు అని వాళ్లే అడుగుతారు. ఆ ప్రశ్నలు మొదలయ్యాక మీరు చెప్పడం ఆపి, వాళ్లు చెప్పేది వినండి.